వాచీ కొనేముందు ఫోను చూడండి

ఈ నెల ఆరోగ్య పాఠం



కొంతకాలం క్రితం శంషాబాద్ దగ్గరి పల్లె నుండి ఒక పెద్దమ్మ బీపీ బాగా పెరిగి మా వార్డులో చేరారు. నాలుగు రోజులకు అదుపులోకి వచ్చింది. డిశ్చార్జి రోజున అందరినీ అడిగినట్టే ఆమెనూ అడిగాము: “అమ్మా, ఇంట్లో బీపీ చూసుకోవడానికి మిషను ఉందా?”

“అమెరికాల ఉన్న మా కొడుకు వాచీ పంపిస్తుండు సిస్టరమ్మా, అండ్ల అన్నీ కనబడతయంట” అన్నారు. మేము సరేనని కార్డు మీద ‘ఉంది’ అని రాసి పంపాము.

కొడుకు స్నేహితుడు ఒకరు వస్తూ ఆ వాచీ తెచ్చి ఇచ్చారు. డబ్బా తెరిస్తే ఆపిల్ వాచీ. ఆమె దగ్గర ఉన్నది ఆండ్రాయిడ్ ఫోను. మనవడు సాయంత్రమంతా కూర్చున్నా రెండూ జత కాలేదు. ఫోనుతో జత కానిదే ఆ వాచీ టైము కూడా చూపించదు. కొడుకు పండుగకు వచ్చి సరిచేస్తాడని దాన్ని బీరువాలో పెట్టారు. ఎలాగూ వాచీ ఉంది కదా అని బీపీ మిషను కొనలేదు. తల తిరగడం తగ్గింది కదా అని ఒక పూట మాత్ర మానేశారు. 40 రోజుల తరువాత విపరీతమైన తలనొప్పితో మళ్లీ వచ్చారు. అప్పుడు బీపీ 190/110.

తప్పు ఆమెది కాదు. తల్లి మీద ప్రేమతో పంపిన కొడుకుదీ కాదు. ఆ వాచీ ఏది, ఈ ఫోను ఏది, అసలు అది బీపీ చూపిస్తుందా అని అడగకుండా ‘ఉంది’ అని రాసింది మేము. అందుకే ఈ పాఠం.

మన ప్రాంతానికి ఈ పాఠం ఎందుకు?

2008 మార్చిలో శంషాబాద్‌లో విమానాశ్రయం మొదలైనప్పటి నుండి మన ఊళ్ల రూపు మారింది. మన పిల్లలు కొందరు అక్కడే లోడర్లుగా, సెక్యూరిటీలో, క్యాబ్ డ్రైవర్లుగా పని చేస్తున్నారు. కొందరు అదే విమానాశ్రయం నుండి గల్ఫ్‌కు, అమెరికాకు వెళ్లారు. వారు తిరిగి వచ్చేటప్పుడు అమ్మానాన్నలకు స్మార్ట్ వాచీ తెస్తున్నారు. తేవడం మంచిదే. కానీ ఫోనుకు జత కుదరని వాచీ ఒక కాలి చెప్పు లాంటిది. ఎంత ఖరీదైనదైనా నడవడానికి పనికిరాదు.

1. వాచీకి ఫోను ఎందుకు కావాలి?

స్మార్ట్ వాచీ వెనుక చిన్న ఆకుపచ్చ లైట్లు వెలుగుతాయి. రక్తం ఆకుపచ్చ కాంతిని పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా మణికట్టులో రక్తం పెరిగి తగ్గుతుంది, తిరిగి వచ్చే వెలుతురు కూడా మారుతుంది. ఆ మార్పును లెక్కించి వాచీ నాడిని చెబుతుంది. ఈ లెక్కలను దాచేది, వారం వారం చూపించేది, కొడుక్కి లేదా బిడ్డకు పంపేది మాత్రం ఫోనులోని యాప్. వాచీకి, ఫోనుకు మధ్య మాటలు బ్లూటూత్ ద్వారా జరుగుతాయి. అది సుమారు 10 మీటర్ల దూరం పని చేస్తుంది, గోడలు అడ్డం వస్తే ఇంకా తగ్గుతుంది.

2. ముందు మీ ఫోను ఏదో తెలుసుకోండి

ఫోను వెనుక కొరికిన ఆపిల్ పండు గుర్తు ఉంటే అది ఐఫోను. మిగతావి దాదాపు అన్నీ ఆండ్రాయిడ్ ఫోన్లే. సెట్టింగ్స్‌లో ‘అబౌట్’ అనే చోట నొక్కితే ఫోను మోడలు, వెర్షన్ నంబరు కనిపిస్తాయి. ఈ రెండూ ఒక చీటీ మీద రాసుకోండి. మందుల చీటీ లేకుండా మెడికల్ షాపుకు వెళ్లనట్టే, ఈ చీటీ లేకుండా వాచీ కొనడానికి వెళ్లవద్దు.

3. ఏ వాచీ ఏ ఫోనుకు జత?

ఆపిల్ వాచీ: ఐఫోనుతోనే పని చేస్తుంది, ఆండ్రాయిడ్‌తో జత కాదు. ఐఫోను ఉన్నా అది మరీ పాతదైతే చాలదు. 2025లో వచ్చిన వాచ్‌ఓఎస్ 26కు ఐఫోన్ 11 గానీ, ఆ తరువాతిది గానీ ఉండాలి. ఇంట్లో మరొకరి ఐఫోను సహాయంతో పెద్దల వాచీని సిద్ధం చేసే పద్ధతి ఒకటి ఉంది. అయితే ఆ పద్ధతిలో ఈసీజీ లాంటివి రావు.

సామ్‌సంగ్ గెలాక్సీ వాచీ: 2021లో వచ్చిన వాచ్ 4 నుండి ఇవి ఆండ్రాయిడ్ ఫోన్లతోనే పని చేస్తాయి, ఐఫోనుతో చేయవు. ఇంకో మెలిక ఉంది. నాడి, నడక, నిద్ర వేరే కంపెనీల ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ కనిపిస్తాయి కానీ, ఈసీజీ, బీపీ కావాలంటే ఫోను కూడా సామ్‌సంగ్ గెలాక్సీయే అయి ఉండాలి.

గూగుల్ పిక్సెల్ వాచీ: ఇదీ ఆండ్రాయిడ్‌కే.

నాయిస్, బోట్, ఫైర్‌బోల్ట్ వంటి తక్కువ ధర వాచీలు, గార్మిన్ వాచీలు: సాధారణంగా రెండు రకాల ఫోన్లతోనూ పని చేస్తాయి. ఐనా మీ ఫోను వెర్షన్ చాలుతుందో లేదో డబ్బా మీద చదవండి.

4. విదేశం నుండి తెప్పించుకునే వారికి

పిల్లలు “ఏ వాచీ కావాలమ్మా?” అని ఫోను చేసినప్పుడు, ముందు మీ ఫోను పేరు చెప్పండి. ఈ మూడు విషయాలు కూడా వారిని అడగమనండి. గ్యారంటీ మన దేశంలో చెల్లుతుందా? ఆ వాచీలో ఈసీజీ మన దేశంలో పని చేస్తుందా? సిమ్ పని చేసే వాచీ అయితే మన నెట్‌వర్కు దానికి అందుతుందా? ఇవి దేశాన్ని బట్టి మారుతాయి. కుదిరితే వాచీని పంపించడం కాక, ఎవరైనా దగ్గర కూర్చుని జత చేసి, రెండు రోజులు వాడించి వెళ్లడం మేలు.

5. డబ్బు కట్టే ముందు షాపులోనే చేయవలసినవి

(అ) మీ ఫోనులో యాప్ ఎక్కించి, జత చేసి చూపించమనండి. “ఇంటికెళ్లి చేసుకోండి” అంటే కొనవద్దు.

(ఆ) పక్కన ఉన్నవారి చేత తెలుగులో మెసేజ్ పంపించండి. కొన్ని వాచీల మీద తెలుగు అక్షరాలకు బదులు ఖాళీ గళ్లు కనిపిస్తాయి.

(ఇ) ఫోనును షాపులో వదిలి వాచీతో రోడ్డు మీదికి నడవండి. ‘బ్లూటూత్ కాలింగ్’ అని రాసి ఉన్న వాచీ, ఫోను దగ్గర ఉంటేనే మాట్లాడిస్తుంది. డ్యూటీలో ఫోనును లాకరులో పెట్టే వారు దీనిని బాగా గమనించాలి. పడిపోతే కబురు పంపే వాచీలకు కూడా దగ్గరలో ఫోను గానీ, సొంత సిమ్ గానీ ఉండాలి.

(ఈ) ఆండ్రాయిడ్ ఫోనులో బ్యాటరీ ఆదా చేసే సెట్టింగు వాచీ యాప్‌ను ఆపేస్తుంటుంది. ఆ యాప్‌కు మాత్రం ఆ సెట్టింగు తీసివేయమనండి.

(ఉ) చార్జరు డబ్బాలో ఉందో లేదో చూడండి. ఒక వాచీ చార్జరు ఇంకో కంపెనీ వాచీకి సాధారణంగా సరిపోదు.

6. వాచీ చెప్పగలిగేది, చెప్పలేనిది

జత కుదిరింది, అంతా బాగుంది. అంతటితో నర్సు, డాక్టరు అక్కరలేదా? ఇక్కడే జాగ్రత్త అవసరం.

బీపీ: ఆపిల్ వాచీ బీపీ అంకెలు చూపదు. కొత్త మోడళ్లు బీపీ ఎక్కువ ఉండవచ్చని హెచ్చరిక మాత్రం ఇస్తాయి. సామ్‌సంగ్ వాచీ అంకెలు చూపుతుంది, కానీ ముందు పట్టీ మిషనుతో చూసి లెక్క సరిచేయాలి, ప్రతి 28 రోజులకు మళ్లీ చేయాలి. అంటే మిషను ఎలాగూ కావలసిందే. కాబట్టి బీపీ ఉన్నవారు చేతి పైభాగానికి పట్టీ కట్టే మిషను ముందు కొనండి. వాచీ సంగతి ఆ తరువాత చూడండి. 5 నిమిషాలు నెమ్మదిగా కూర్చుని, వీపు ఆనించి, చేయి గుండె ఎత్తులో పెట్టి చూసుకోండి.

షుగరు: సూది గుచ్చకుండా షుగరు చెబుతామనే వాచీలను, ఉంగరాలను నమ్మవద్దు. అలాంటి దేనికీ తాము అనుమతి ఇవ్వలేదని అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. తప్పుడు అంకె చూసి ఇన్సులిన్ ఎక్కువ వేసుకుంటే ప్రాణానికే ముప్పు. చర్మం కిందికి సన్నని తీగ వెళ్లే సెన్సరు సంగతి వేరు. దాని అంకెలు ఫోను ద్వారా కొన్ని వాచీల మీద కనిపిస్తాయి, అక్కడ కొలిచేది సెన్సరు, వాచీ కాదు.

గుండె లయ: దీనిలో వాచీ నిజంగా ఉపయోగపడుతుంది. అమెరికాలో 4,19,297 మందితో జరిగిన ఆపిల్ వాచీ అధ్యయనం ఫలితాలు 2019లో వచ్చాయి. వారిలో 2,161 మందికి నాడి లయ తప్పుతోందని వాచీ తెలిపింది. తరువాత ఈసీజీ ప్యాచ్ ధరించి పంపిన 450 మందిలో 34 శాతం మందికి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే లయ తప్పే జబ్బు కనబడింది. ఇది వచ్చి పోయే జబ్బు గనుక మిగతావారికి లేదని కూడా చెప్పలేము. వాచీ హెచ్చరిస్తే భయపడవద్దు, ఊరుకోవద్దు, వచ్చి చూపించుకోండి.

గుండెపోటు: దీనిని వాచీ పట్టుకోలేదు. ఆస్పత్రిలో ఒంటికి 10 చోట్ల పట్టీలు పెట్టి గుండెను 12 వైపుల నుండి చూస్తాము. వాచీ ఈసీజీ ఒక్క వైపు నుండే చూస్తుంది. క్యాబ్ నడిపే ఒక తమ్ముడికి అర్ధరాత్రి ఛాతీ బరువెక్కింది. వాచీలో చూసుకుంటే లయ సరిగానే ఉందని వచ్చింది. ఆ ధైర్యంతో ఇంకా రెండు ట్రిప్పులు వేసి తెల్లవారాక మా దగ్గరకు వచ్చాడు. అది గుండెపోటే. బతికాడు, కానీ గుండె కండరం కొంత దెబ్బతింది. ఛాతీ బరువు, ఎడమ చేతికి గానీ దవడకు గానీ పాకే నొప్పి, చెమట, ఆయాసం ఉంటే వాచీ చూడవద్దు. 108కు ఫోను చేయండి.

పేస్‌మేకర్ ఉన్నవారు: కొన్ని ఫోన్లలో, వాచీలలో అయస్కాంతాలు ఉంటాయి. వాటిని, చార్జరును పేస్‌మేకర్‌కు కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచండి. ఛాతీ మీద చేయి వేసుకుని పడుకునే అలవాటు ఉంటే రాత్రి వాచీ తీసేయండి.

7. ఇంటిల్లిపాదీ కూర్చుని జవాబు చెప్పుకోండి

అమ్మ ఫోను ఏది, వెర్షన్ ఎంత? కొనబోయే వాచీ దానికి జత అవుతుందా? మనకు దానితో ఏ పని కావాలి: నాడి, నడక, లయ, కబురు పంపడం? ఆ పని ఆ ఫోనుతో వస్తుందా? పట్టీ మిషను ఇంట్లో ఉందా? వాచీ ఏదైనా చెబితే ఎవరికి ఫోను చేయాలి?

ఆ పెద్దమ్మ ఇప్పుడు బాగున్నారు. కొడుకు అక్కడి నుండే డబ్బు పంపితే మనవడు పట్టీ మిషను కొన్నాడు. పొద్దున, సాయంత్రం చూసి నోటుపుస్తకంలో రాస్తున్నాడు. ఆపిల్ వాచీ ఐఫోను ఉన్న కోడలి చేతికి చేరింది. మా డిశ్చార్జి కార్డు కూడా మారింది. ఇప్పుడు ‘ఉంది’ అని రాసే ముందు “ఏది? మీ ఫోనుతో కలిసిందా? ఒకసారి చూపించండి” అని అడుగుతున్నాము. ఈసారి ఓపీకి వచ్చేటప్పుడు మందుల చీటీతో పాటు మీ ఫోను, వాచీ కూడా తెచ్చుకోండి. మా మిషనుతో బీపీ చూసి, వాచీ అంకెను దాని పక్కన పెట్టి మీకు చూపిస్తాము.