పిన్ను చేసే పని, చేయలేని పని

ఆర్డుయినో ఉనో అనే బోర్డు 2010లో ఇటలీ నుంచి వచ్చింది. దాని మెదడు ఏటీమెగా 328పి అనే మైక్రోకంట్రోలర్. బయటి ప్రపంచంతో అది మాట్లాడేది పిన్నుల ద్వారానే. ఏ పిన్ను ఏ పనికో తెలియక తీగలు కలిపితే ఏమవుతుందో నాకు అనుభవమే కనుక, తోటి విద్యార్థుల కోసం ఈ నాలుగు మాటలు.

బోర్డుకు ఒక పక్కన 0 నుంచి 13 దాకా 14 డిజిటల్ పిన్నులున్నాయి. వీటికి తెలిసినవి రెండే మాటలు: 5 వోల్టులు, లేదా సున్న. అయితే 3, 5, 6, 9, 10, 11 పిన్నులు అతి వేగంగా ఆన్, ఆఫ్ అవుతూ దీపపు కాంతిని హెచ్చించి తగ్గించగలవు. 0, 1 పిన్నులు కంప్యూటరుతో సంభాషణకు. వాటి జోలికి పోకపోవడం మేలు. రెండో పక్కన ఏ0 నుంచి ఏ5 దాకా ఆరు అనలాగ్ పిన్నులు. ఇవి 0–5 వోల్టులను 1024 మెట్లుగా కొలుస్తాయి. ఒక్కో మెట్టు సుమారు 4.9 మిల్లీవోల్టులు. నేలలో తేమ చూసే సెన్సరును తగిలించేది ఇక్కడే.

మట్టి ఆరగానే మోటారు ఆన్ కావాలని నా ప్రాజెక్టు. తేమ కొలత బాగానే వచ్చింది. ఆ ఉత్సాహంలో రిలే కాయిల్‌ను తిన్నగా 7వ పిన్నుకు కలిపేశాను. రెండుసార్లు టిక్కుమంది. మూడోసారి ఉలుకూ పలుకూ లేదు. పిన్ను పోయింది! ల్యాబ్ బోర్డు కావడంతో ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తప్పు తర్వాత లెక్క వేస్తే తెలిసింది. కాయిల్ నిరోధం 70 ఓములు. 5 వోల్టులకు అది అడిగేది సుమారు 71 మిల్లీ ఆంపియర్లు. పిన్ను హాయిగా ఇవ్వగలిగింది 20. 40 దాటితే దానికి ప్రాణాపాయం. పైగా కాయిల్ ఆపిన క్షణంలో పుట్టే ఎదురు వోల్టేజీ మరో దెబ్బ.

సెలవుల్లో ఈ సంగతి చెబితే నాన్న నవ్వి, "స్టార్టరు బటన్ మోటారును తిప్పుతుందట్రా? లోపలి కాంటాక్టరుకు చెబుతుందంతే" అన్నారు. అదే సూత్రం! పిన్ను ఆజ్ఞ ఇవ్వాలి, బరువు మరొకరు మోయాలి.

ఇప్పుడు పిన్నుకు 1 కిలో ఓము నిరోధకం, దాని తర్వాత 2ఎన్2222 ట్రాన్సిస్టరు, కాయిల్‌కు అడ్డంగా 1ఎన్4007 డయోడు పెట్టాను. డయోడు చారల కొస 5 వోల్టుల వైపు ఉండాలి. పిన్ను మీద పడేది 4 మిల్లీ ఆంపియర్ల పైచిలుకే.

కాబట్టి మిత్రులారా, తీగ పట్టుకునే ముందు కాగితం పట్టుకోండి. లెక్క తప్పితే రబ్బరుతో చెరపవచ్చు, పిన్ను మాత్రం తిరిగి రాదు.