జ్వరపు బిళ్లలు – తప్పిన లెక్క

గుంట మగ్గములో ప్రొద్దస్తమానము కూర్చుండి నాడె విసరువానికి, రాట్నము ముందు కండెలు చుట్టు ఇల్లాలికి సాయంకాలమునకు ఒళ్లు విరిగినట్లుండుట మనకు క్రొత్త కాదు. అందుచేత గూటిలో దీపమున్నట్లే ప్రతి ఇంటను జ్వరపు బిళ్లలు, నొప్పి బిళ్లలు, పూత నూనె సీసా ఉండును. ఇవి మంచి మందులే. లెక్క తప్పినచో ఇవియే విషములగును. ఆ లెక్కను తెలిసికొనుటయే ఈ పాఠము.

మా సంఘములో జరిగినది

మా సభ్యులొకరికి పెండ్లి చీరెల గడువు దగ్గరపడిన వేళ జ్వరము, జలుబు, నడుము నొప్పి ఒక్కసారిగా వచ్చినవి. ఆయన మగ్గము విడువలేదు. జ్వరమునకు ఒక రకము బిళ్లలు దినమునకు నాలుగు, జలుబునకు వేరొక రకము మూడు, నడుమునకు మరియొక రకము మూడు వేసికొనిరి. అన్నము సయింపక గంజితో సరిపెట్టుకొనిరి. నాలుగవనాడు వాంతులు, కుడి డొక్కలో నొప్పి. అయిదవనాడు కన్నులు పచ్చబడినవి.

ఆసుపత్రిలో డాక్టరుగారు మూడు అట్టలను బల్లపై పరచి, వెనుకనున్న సన్నని అక్షరములను నాచేత చదివించిరి. మూడింటిలోను పారాసెటమాల్ ఉన్నది! జ్వరపు బిళ్లలో 650 మిల్లీగ్రాముల చొప్పున 2600. జలుబు బిళ్లలో 500 చొప్పున 1500. నడుము బిళ్లలో 325 చొప్పున 975. వెరసి దినమునకు 5075 మిల్లీగ్రాములు. కట్టలమీది చీటీలు మూడైనను లోపలి నూలు ఒక్కటే!

ఆ జలుబు బిళ్లలు ఆయనకిచ్చినది నేనే. అవి సంఘము ఆఫీసు సొరుగులోనివి. నూలు తూకములో రవంత తేడా వచ్చినను పట్టుకొను నేను, ఆ అట్ట వెనుకకు త్రిప్పి చూడనైతిని. ఆయన బ్రదికి మరల మగ్గములో కూర్చుండిరి గనుక ఈ మాట వ్రాయగలుగుచున్నాను.

విషమెట్లగును?

మనము మ్రింగిన పారాసెటమాల్‌లో అధికభాగమును కాలేయము హానిలేని విధముగా మార్చి బయటకు పంపును. కొద్దిభాగము మాత్రము విషపదార్థముగా మారును. దానిని విరుచుటకు కాలేయములో గ్లూటాథయోన్ అను పదార్థము నిలువయుండును. మోతాదు మించినచో ఆ నిలువ ఖర్చయిపోవును; పిమ్మట విషము కాలేయమునే దెబ్బతీయును. పస్తులున్నవారికి, నిత్యము సారా త్రాగువారికి ఈ నిలువ ముందే తక్కువ.

ఆరోగ్యవంతులగు పెద్దలకు 24 గంటలలో 4 గ్రాములు, అనగా 500 మిల్లీగ్రాముల బిళ్లలు 8, దాటరాని హద్దు. మోతాదుకు మోతాదుకు నడుమ 4 గంటలైనను ఎడముండవలెను. బక్కపలుచనివారికి, కాలేయ జబ్బున్నవారికి, త్రాగుడు అలవాటున్నవారికి అంతకంటె తక్కువ, డాక్టరు చెప్పినంతయే. పిల్లలకు బరువునుబట్టి, ఒక మోతాదునకు కిలోకు 15 మిల్లీగ్రాములు మించరాదు. ఒక సీసాలో 5 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాములుండగా, వేరొక సీసాలో 250 ఉండును. చెంచా ఒకటే యైనను మందు రెండింతలగును.

ఈ విషము యొక్క మోసమేమనగా, మొదటి దినమున వాంతి, నలత తప్ప ఏమియు కనబడకపోవచ్చును. ఒక్కొక్కప్పుడు అదియు ఉండదు. కామెర్లు కనబడునాటికి కాలేయము చెడియుండును. దీనికి ఎసిటైల్ సిస్టీన్ అను విరుగుడున్నది. 8 గంటలలోపల మొదలుపెట్టినచో మిక్కిలి గుణమిచ్చును; ఆలస్యమైనను ఉపయోగము లేకపోదు.

పనికోసము మందు

స్వీడను దేశమున హుస్క్వర్నా అను ఊరి కర్మాగారములో, 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా కాలమున అక్కడి వైద్యుడు ఫెనాసెటిన్, ఫెనజోన్, కెఫీన్ కలిపిన పొడిని కార్మికులకిచ్చెను. జ్వరము పోయినది గాని పొడి పోలేదు. పని చురుకుగా సాగునని దినదినము వాడిరి. పుట్టినరోజు కానుకగా కూడ ఇచ్చుకొనిరి. తరువాతి దశాబ్దములలో మూత్రపిండములు చెడి పలువురు మరణించిరి. ఆ ఫెనాసెటిన్ తరువాత పెక్కు దేశములలో మానివేయబడినది. కాని అలవాటు అట్లే యున్నది. నేడు మనవారు గడువు తీర్చుటకు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ బిళ్లలను నెలల తరబడి మ్రింగుచున్నారు. అవి కడుపులో పుండ్లు, రక్తస్రావము కలిగించును, మూత్రపిండములను చెరచును.

ఇతర జాగ్రత్తలు

1. డెంగూ అనుమానమున్న జ్వరములో ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వాడరాదు; రక్తస్రావము పెరుగును.

2. పిల్లల జ్వరమునకు ఆస్పిరిన్ ఈయరాదు. రేయీ జబ్బు అను అరుదైన ఘోరవ్యాధి కలుగవచ్చును.

3. నొప్పికి పూయు వింటర్‌గ్రీన్ నూనె ఒక చిన్న చెంచాలో సుమారు 7 గ్రాముల సాలిసిలేటు, అనగా 20కి మించిన ఆస్పిరిన్ బిళ్లల బలమున్నది. పసిబిడ్డ త్రాగిన ప్రాణాపాయము. మగ్గము ప్రక్కన ఆ సీసా ఉంచరాదు.

4. ఎవరైన ఎక్కువగా మ్రింగినచో బాగుగానే ఉన్నారని ఊరకుండరాదు. ఉప్పునీళ్లు త్రాగించి వాంతి చేయింపరాదు. 108కి ఫోను చేసి, అట్టలు, సీసాలు వెంట తీసికొని ఆసుపత్రికి పోవలెను.

5. అప్పుల బాధచేతనో, మనసు విరిగియో మ్రింగినవారిని నిందింపరాదు. దాచిపెట్టి కాలయాపన చేయరాదు. మనసు విప్పి మాటలాడుటకు టెలి మానస్ 14416 ఉన్నది.

ఇప్పుడు మా సంఘము సొరుగులో బిళ్లలు లేవు. దానికి బదులు గోడపై ఒక చీటీ అంటించితిమి: "పేరు చూడకుడు, వెనుక చదువుడు." చదువురాని పెద్దలున్న ఇంట బడికిపోవు బిడ్డచేతనైన ఆ అట్టను చదివించుడు. గడువు తప్పిన చీరె మరియొక వారమునకైనను దిగును. నేతగాడు పోయిన ఇంట మగ్గము మూగవోవును.