ఏ బుష్ శ్రేయస్కరము?

ప్రశ్న: నా బీఎండబ్ల్యూ ఈ46 సెడాన్‌ను నిత్యము ఆఫీసునకు నడుపుచున్నాను. బ్రేకు వేసినప్పుడు స్టీరింగు అదరుచున్నది. సస్పెన్షన్ బుష్‌లు అరిగినవని మెకానిక్కు చెప్పినాడు. అన్నింటికిని పాలీయురెథేన్ వేయింపవచ్చునా?

జవాబు: అన్నింటికిని వలదు. రబ్బరు బుష్ లోహపు గొట్టమునకు అంటుకొనియుండి, తానే మెలితిరుగుచు కంపనమును మ్రింగును. పాలీయురెథేన్ బుష్ గొట్టముపై జారుచు తిరుగును గావున, స్టీరింగునకు నిశితత్వము నొసగినను, గ్రీజు ఎండినచో కిఱ్ఱుమనును, రోడ్డు రొదను లోనికి తెచ్చును. ముందరి కంట్రోల్ ఆర్మ్‌లకు, షోర్ ఏ కొలమానమున 80 ప్రాంతపు కాఠిన్యము గలది నిత్యప్రయాణమునకు సహ్యము. 95 కాఠిన్యము పందెపు బాటకే తగును. వెనుక ట్రెయిలింగ్ ఆర్మ్ బుష్ మాత్రము, చక్రము లేచి దిగునపుడెల్ల అనేక దిశల మెలితిరుగవలసినది గావున, అచట కఠినపదార్థము ఆ చలనమును బంధించును. అచట క్రొత్త రబ్బరు బుష్‌నే, ప్రక్క కదలికను అరికట్టు లిమిటరు బిళ్లలతో అమర్చుట మేలు. రబ్బరు బుష్‌ను బండి తన బరువుతో నేలపై నిలుచునప్పటి కోణమునకే స్థిరపరుపవలెను. లేనిచో అది నిరంతరము మెలికలోనుండి శీఘ్రముగా చినుగును. పని ముగిసిన పిదప వీల్ అలైన్‌మెంటు తప్పక చేయింపుడు.