సిరా పాకని కాగితం



మనం పలక మీద అక్షరాలు దిద్దాం. వాచకం చదివాం. వేలిముద్ర మానేసి సంతకం పెడుతున్నాం. ఇక రాసుకోవడానికి ఒక పుస్తకం కావాలి. అందులో పొదుపు సంఘం లెక్క రాయాలి. తునికాకు కట్టల లెక్క రాయాలి. కూలి రోజులు రాయాలి. తీసుకున్న అప్పు, కట్టిన వడ్డీ రాయాలి. బిడ్డల టీకాల తేదీలు రాయాలి.

నోటు పుస్తకం కొనడం ఎంత పని అనుకుంటాం. దుకాణానికి పోతాం. తక్కువ ధరది ఏదో ఒకటి తెచ్చుకుంటాం. కాని ఇంకు పెన్నుతో రాసేవాళ్లు అలా తెచ్చుకుంటే కష్టం. డబ్బు దండగ అవుతుంది. లెక్క కూడా పాడవుతుంది. ఎందుకో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఇంకు పెన్ను ఎందుకు?

బాల్ పెన్నుతో రాయాలంటే కాస్త నొక్కాలి. కొడవలి, పార పట్టిన చేతులు మనవి. నొక్కి నొక్కి రాస్తే వేళ్లు లాగుతాయి. ఇంకు పెన్నును నొక్కే పని లేదు. పాళీ కాగితానికి తగిలితే చాలు. సిరా దానంతట అదే దిగుతుంది.

ఇంకో లాభం కూడా ఉంది. సిరా అయిపోతే మళ్లీ పోసుకోవచ్చు. పెన్ను పారేయక్కర లేదు. జాగ్రత్తగా వాడితే ఒక పెన్ను ఏళ్ల తరబడి వస్తుంది.

మన గోదావరి ఒడ్డునే ఈ పెన్నులు చేసేవాళ్లు ఉన్నారు. భద్రాచలం నుంచి గోదావరి కిందికి పోతే రాజమండ్రి వస్తుంది. అక్కడ కె.వి. రత్నం గారు 1932లో పెన్నుల తయారీ మొదలుపెట్టారు. ఆయన చేసిన పెన్ను గాంధీ గారికి చేరింది. బాగుందని గాంధీ గారు 1935లో ఉత్తరం రాశారు. అవి చేతితో చేసే పెన్నులు. ధర ఎక్కువే. మనకు అవే కావాలని లేదు. తక్కువ ధర పెన్నులు కూడా దొరుకుతాయి.

బాల్ పెన్ను వాడేవాళ్లకు ఏ కాగితమైనా దాదాపు సరిపోతుంది. ఇంకు పెన్ను వాడేవాళ్లు మాత్రం కాగితం చూసి కొనాలి.

3 కాస్తా 8 అయింది

ఒక పొదుపు సంఘం ఉందనుకుందాం. లెక్క రాసే అక్క సంతలో నోటు పుస్తకం కొన్నది. ధర తక్కువ. అట్ట మీద బొమ్మ బాగుంది. ఇంటికి వచ్చి ఇంకు పెన్నుతో లెక్కలు రాసింది. సిరా అంచులు దాటి పాకింది. వెనక పేజీలోకి కూడా దిగింది. నెల తిరిగింది. సంఘం కూర్చుంది.

"వదినా, పోయిన నెల నేను అప్పు కింద ఎంత కట్టిన?"

"300 కట్టినావు."

"ఏంది వదినా! ఇక్కడ 800 అని ఉంది కదా?"

"కాదు, అది మూడే. సిరా పాకింది."

"మూడో, ఎనిమిదో, ఎట్ల తెలవాలె?"

ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఒకరికి రాసింది గుర్తుంది. ఇంకొకరికి కళ్ల ముందు అంకె కనబడుతోంది. తప్పు కాగితానిది. కాని మాట పడేది లెక్క రాసిన అక్క. ఇలాంటి మాటలు రెండు మూడు సార్లు వస్తే సంఘంలో నమ్మకం పోతుంది.

అక్షరాలకూ ఇదే గతి. 'ప'కు తలకట్టు విడిగా ఉంటుంది. 'వ'కు కలిసి ఉంటుంది. సిరా పాకి ఆ సందు పూడిపోతే 'ప' కాస్తా 'వ' లాగా కనబడుతుంది. వత్తులు, గుడులు ముద్ద అవుతాయి. కొత్తగా చదువుతున్న మనకు అది మరీ కష్టం. చదవడం మనకు రాలేదని అనుకుంటాం. నిజానికి అక్షరమే చెడిపోయింది.

కాగితం ఎట్లా తయారవుతుంది?

భద్రాచలానికి ఎదురుగా, గోదావరి అవతల ఒడ్డున సారపాక ఉంది. అక్కడ పెద్ద కాగితం మిల్లు ఉంది. దాన్ని భద్రాచలం పేపర్ బోర్డ్స్ అనేవారు. 1979లో అక్కడ ఉత్పత్తి మొదలయింది. 2002లో అది ఐటీసీ కంపెనీలో కలిసింది. 2003లో ఆ కంపెనీ క్లాస్‌మేట్ పేరుతో నోటు పుస్తకాలు అమ్మడం మొదలుపెట్టింది.

మన వైపు పొలాల్లో జామాయిల్, సుబాబుల్ తోటలు చూస్తుంటాం. ఆ కర్ర లారీల్లో, ట్రాక్టర్లలో మిల్లుకు పోతుంది. అక్కడ కర్ర బెరడు తీస్తారు. చిన్న చిన్న చెక్కలుగా కొడతారు. ఆ చెక్కలను మందులు కలిపిన నీళ్లలో ఉడికిస్తారు. కర్ర మెత్తబడి గుజ్జు అవుతుంది. ఆ గుజ్జును కడిగి తెల్లగా చేస్తారు. నీళ్లలో కలిపి సన్నని జల్లెడ మీద పరుస్తారు. నీళ్లు కారిపోతాయి. గుజ్జు పొరలాగా నిలుస్తుంది. దాన్ని నొక్కి, ఆవిరి వేడితో ఆరబెడతారు. అదే కాగితం.

కాగితంలో సన్నని నారలు ఉంటాయి. నారల మధ్య కంటికి కనబడని సందులు ఉంటాయి. దీపం ఒత్తి నూనెను పీల్చినట్టు ఆ సందులు సిరాను పీలుస్తాయి. అందుకే సిరా పాకుతుంది.

దీన్ని ఆపడానికి ఏం చేస్తారు? మనం చీరకు గంజి పెడతాం కదా! మిల్లులో కాగితానికి కూడా గంజి పొడి, ఇంకా కొన్ని మందులు పట్టిస్తారు. అవి సందులను మూస్తాయి. అప్పుడు సిరా పైపైనే నిలిచి ఆరుతుంది. గీత సన్నగా, తేటగా ఉంటుంది.

పత్రికలు అచ్చువేసే కాగితానికి ఈ పూత పెద్దగా ఉండదు. దాని మీద ఇంకు పెన్నుతో రాసి చూడండి. అక్షరానికి వెంట్రుకలు మొలిచినట్టు కనబడుతుంది.

మందం చూస్తే చాలదు

దుకాణదారు "ఇది మందం కాగితం, తీసుకోమ్మా" అంటాడు. కాగితం బరువును జి.ఎస్.ఎం. అనే లెక్కలో చెబుతారు. ఒక మీటరు పొడవు, ఒక మీటరు వెడల్పు ఉన్న కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో అదే జి.ఎస్.ఎం. కొన్ని పుస్తకాల అట్ట మీద ఈ అంకె ఉంటుంది. బడి పిల్లల నోటు పుస్తకాల్లో తరచుగా 50 నుంచి 60 వరకు ఉంటుంది. జిరాక్స్ కాగితం 70 నుంచి 80 వరకు ఉంటుంది.

మందం ఉంటే వెనకకు సిరా కనబడడం తగ్గుతుంది. కాని మందం ఒక్కటే చాలదు. అద్దుడు కాగితం చాలా మందం. అయినా సిరాను గటగటా తాగేస్తుంది. దానికి గంజి లేదు కాబట్టి. మందం కంటే పూత ముఖ్యం.

కొనే ముందు పరీక్ష

దుకాణానికి పోయేటప్పుడు మీ పెన్ను వెంట తీసుకుపోండి. దుకాణదారును అడిగి, పుస్తకం చివరి పేజీ మూలన రాసి చూడండి.

1. మీ పేరు రాయండి. పక్కన 3, 8, 6 అంకెలు వేయండి.
2. ఒక గీత మీద మరో రెండుసార్లు గీయండి. సిరా ఎక్కువ దిగుతుంది.
3. పది లెక్కపెట్టండి. వేలితో మెల్లగా రాయండి. సిరా అలుక్కుంటే ఆరడం ఆలస్యం అన్నమాట.
4. అంచులు చూడండి. వెంట్రుకల్లాగా పాకిందా?
5. పేజీ తిప్పండి. వెనక చుక్కలు దిగాయా?

రాయనివ్వకపోతే పోట్లాట వద్దు. ముందు ఒక చిన్న పుస్తకం కొనండి. ఇంటి దగ్గర రాసి చూడండి. బాగుంటే అదే రకం తెచ్చుకోండి.

నీటి చుక్కతో కూడా తెలుసుకోవచ్చు. మీ పుస్తకంలో పనికిరాని మూల మీద ఒక నీటి చుక్క వేయండి. పూత ఉన్న కాగితం మీద చుక్క చేమాకు మీద నీళ్లలాగా కాసేపు నిలుస్తుంది. పూత లేకపోతే వెంటనే ఇంకిపోతుంది.

ఒక మాట. ఒకే పేరు గల పుస్తకంలో కూడా కాగితం మారుతుంటుంది. పోయినేడు బాగుందని ఈ ఏడు చూడకుండా కొనవద్దు. అట్ట మీది పేరును కాదు, పెన్ను గీతను నమ్మండి.

ఏది చవక?

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. ఈ ధరలు లెక్క కోసం అనుకున్నవి.

మొదటి పుస్తకం ధర 40 రూపాయలు. 200 పేజీలు. సిరా వెనకకు దిగుతుంది. కాబట్టి కాగితానికి ఒక వైపే రాయగలం. అంటే పనికొచ్చేవి 100 పేజీలే. 40 రూపాయలు అంటే 4000 పైసలు. 100తో భాగిస్తే పేజీకి 40 పైసలు.

రెండో పుస్తకం ధర 60 రూపాయలు. ఇదీ 200 పేజీలే. సిరా దిగదు. రెండు వైపులా రాయవచ్చు. 60 రూపాయలు అంటే 6000 పైసలు. 200తో భాగిస్తే పేజీకి 30 పైసలు.

చూశారా! 40 రూపాయల పుస్తకం చవక కాదు. 60 రూపాయల పుస్తకమే చవక. ధరను చూసి కాదు, రాయగలిగే పేజీలను చూసి లెక్క కట్టాలి.

కొనేముందు పేజీలు కూడా లెక్కపెట్టండి. 100 కాగితాలు అంటే 200 పేజీలు. ఈ రెండు మాటలు కలగాపులగం చేసి అమ్మేవాళ్లు ఉంటారు.

తక్కువ ఖర్చులో మూడు దారులు

ఒకటి: అందరూ కలిసి కొనండి. ఒక పుస్తకం పరీక్ష చేసి, నచ్చితే సంఘం తరఫున డజను తీసుకోండి. డజను మీద ధర తగ్గించమని అడగండి.

రెండు: సొంతంగా పుస్తకం కుట్టుకోండి. జిరాక్స్ కాగితం కట్టలో 500 కాగితాలు ఉంటాయి. రెండు వైపులా రాస్తే 1000 పేజీలు. కట్ట 300 రూపాయలు అనుకుంటే పేజీకి 30 పైసలే. పది కాగితాలు తీసి మధ్యకు మడవండి. మడత మీద సూది, దారంతో కుట్టండి. 40 చిన్న పేజీల పుస్తకం తయారవుతుంది. ఈ కాగితం మీద కూడా ముందు రాసి చూడాలి. గీతలు ఉండవు కాబట్టి స్కేలుతో గీసుకోవాలి. రాత సాధనకు, పాటలు రాసుకోవడానికి, పిల్లలకు ఇది బాగుంటుంది.

మూడు: సంఘం లెక్కలకు మాత్రం గట్టి అట్ట ఉన్న రిజిస్టరు కొనండి. దాన్ని ఖాతా పుస్తకం అని కూడా అంటారు. ధర కొంచెం ఎక్కువ. కాని ఏళ్ల తరబడి ఉండాల్సిన లెక్క కదా! దాని కాగితాన్ని కూడా పరీక్ష చేయండి.

లెక్కల పుస్తకం కొన్న రోజే పేజీలకు వరుసగా నంబర్లు వేయండి. మొదటి పేజీలో "ఈ పుస్తకంలో మొత్తం ఇన్ని పేజీలు ఉన్నాయి" అని రాయండి. తేదీ వేసి ముగ్గురు సంతకాలు పెట్టండి. అప్పుడు ఎవరైనా ఒక కాగితం చింపితే తెలిసిపోతుంది.

తప్పు రాస్తే దిద్ది ముద్ద చేయవద్దు. ఒక గీతతో కొట్టివేయండి. పక్కన సరైన అంకె రాసి సంతకం పెట్టండి.

పుస్తకాన్ని కాపాడుకుందాం

సన్న పాళీ పెన్ను అడగండి. దానికి సిరా తక్కువ దిగుతుంది. మామూలు కాగితం మీద కూడా గీత తేటగా వస్తుంది.

వంట చేసిన చేతులు కడుక్కుని రాయండి. నూనె తగిలిన చోట సిరా పట్టదు. రాసేటప్పుడు చేతి కింద ఒక పాత కాగితం పెట్టుకోండి. చెమట అంటదు.

ఇంకు పెన్ను సిరాల్లో చాలా రకాలు నీళ్లు తగిలితే కరిగిపోతాయి. మనది వానల ప్రాంతం. గోదావరికి వరద వస్తుంది. ఇంటి కప్పు కారుతుంది. పుస్తకాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి, ఎత్తుగా పెట్టండి. బాండు కాగితాలు, భూమి కాగితాల మీద తడికి పోని సిరాతోనే సంతకం చేయండి.

తునికాకు కల్లం దగ్గరకు చిన్న పుస్తకం తీసుకుపోండి. 50 ఆకుల కట్టలు ఎన్ని ఇచ్చారో అక్కడే తేదీ వేసి రాసుకోండి. డబ్బులు ఇచ్చే రోజు ఆ పుస్తకం మన చేతిలో ఉండాలి. అందులో అంకె తేటగా ఉండాలి. "నా లెక్క ఇదీ" అని చూపించి అడగగలగాలి.

ఆలోచించండి

1. పత్రిక కాగితం మీద ఇంకు పెన్నుతో రాస్తే ఎందుకు పాకుతుంది?
2. మందం కాగితమైనా సిరా పాకవచ్చు. ఎందుకు?
3. సంఘం పుస్తకంలో పేజీలకు నంబర్లు ఎందుకు వేయాలి?

లెక్క చేయండి

ఒక పుస్తకం ధర 30 రూపాయలు. 120 పేజీలు. ఒక వైపే రాయగలం. ఇంకో పుస్తకం ధర 36 రూపాయలు. అదీ 120 పేజీలే. రెండు వైపులా రాయవచ్చు. పేజీకి ఎంత పడుతుంది? మీరైతే ఏది కొంటారు?

చేసి చూడండి

మీ ఇంట్లో ఉన్న మూడు రకాల కాగితాలు తీసుకోండి. మూడింటి మీదా ఒకే పెన్నుతో మీ పేరు, మీ ఊరి పేరు రాయండి. ఏది బాగుందో సంఘం సమావేశంలో అందరికీ చూపించండి.