24 వోల్టుల బ్యాటరీపై 12 వోల్టుల బల్బు

తెల్లవారుజామున పాలు పోసే వేళకు సేకరణ కేంద్రంలో మంచి వెలుతురు ఉండాలి. గెర్బర్ పద్ధతిలో బ్యూటిరోమీటరుపై ఒక్క చిన్న గీత అంటే 0.1 శాతం వెన్న. మసక వెలుగులో గీత తప్పు చదివితే పాలు పోసిన సభ్యునికో, సంఘానికో నష్టం. అందుచేత దీపం సంగతి చిన్నదిగా మేము భావించడం లేదు.

కొన్నిచోట్ల రెండు 12 వోల్టుల బ్యాటరీలను వరుసగా కలిపి 24 వోల్టులు తీసుకుంటారు. చేతికి దొరికే బల్బు మాత్రం 12 వోల్టులది. నేరుగా తగిలిస్తే అది వెంటనే మాడిపోతుంది. అలాగని ఒక్క బ్యాటరీ నుంచే వైరు లాగరాదు. ఆ బ్యాటరీ రోజూ ఎక్కువ దిగిపోతుంది, ఛార్జింగు కరెంటు మాత్రం రెండింటికీ ఒక్కటే. ఒకదానికి అర్ధాకలి, రెండవదానికి అజీర్తి! బల్బు కోసం బ్యాటరీనే పోగొట్టుకుంటాము.

దీనికి ఉపాయం, బల్బుతో వరుసగా ఒక నిరోధం కలపడం. బల్బు 12 వాట్లదైతే, వాట్లను వోల్టులతో భాగించగా 1 ఆంపియరు కరెంటు వస్తుంది. నిండుగా ఉన్న బ్యాటరీలు సుమారు 25 వోల్టులు ఇస్తాయి. బల్బుకు 12 పోగా మిగిలిన 13 వోల్టులను 1 ఆంపియరుతో భాగిస్తే 13 ఓములు. అంతే లెక్క.

ఈ 13 ఓములు ఎక్కడ దొరుకుతాయి? 230 వోల్టుల, 1000 వాట్ల పొయ్యి కాయిల్ నిరోధం సుమారు 53 ఓములు. చుట్లు లెక్కపెట్టి నాలుగోవంతు కత్తిరిస్తే చాలు. ఈ తీగకు టంకం సరిగా పట్టదు కనుక పింగాణీ దిమ్మపై ఇత్తడి మరలతో బిగించాలి. 13 వాట్ల వేడి పుడుతుంది. గడ్డికి, తాటాకుకు, ప్లాస్టిక్ క్యాన్లకు దూరంగా పెట్టండి. బ్యాటరీ దగ్గరే 2 ఆంపియర్ల ఫ్యూజు ఉండాలి.

చాలామంది మరిచే విషయం ఒకటుంది. ఆ నిరోధం ఆ బల్బుకే సరిపోతుంది. అదే హోల్డరులో 5 వాట్ల బల్బు పెడితే దానికి 17 వోల్టులు దాటి అందుతాయి, త్వరలోనే మాడుతుంది. 21 వాట్లది పెడితే 9 వోల్టులు కూడా అందక ఎర్రగా మిణుకుతుంది. హోల్డరు పక్కనే వాట్లు రాసి అంటించండి.

230 వోల్టుల లైనుపై మాత్రం ఈ ప్రయోగం వద్దు. అక్కడ ఆ తీగ తాకితే ప్రాణాపాయం.

అసలు ఈ పద్ధతి గతిలేనప్పటిదే. బ్యాటరీ ఇచ్చే 25 వాట్లలో సగానికి పైగా వేడిగా పోతుంది. అంతకన్నా ఒకే వాట్ల 12 వోల్టుల బల్బులు రెండు వరుసగా కలపడం మేలు. ఖర్చయ్యే కరెంటు అంతే, వెలుతురు రెండింతలు. ఒకటి పాలు కొలిచే చోట, మరొకటి పరీక్ష బల్లపై వేలాడదీయవచ్చు. ఒకటి మాడితే రెండవదీ ఆరిపోతుంది కాబట్టి గూట్లో అదే వాట్ల బల్బు ఒకటి సిద్ధంగా ఉంచండి.