ముడతలు పడిన ప్యాషన్ ఫ్రూట్ తినొచ్చా?

ప్రశ్న: ఊటీ నుంచి ఊదా రంగు ప్యాషన్ ఫ్రూట్ తెచ్చుకున్నాం. నాలుగు రోజులకే తొక్క ముడతలు పడింది. పాడైనట్టేనా? గింజలు తినొచ్చా? ఈ తీగ ఆకుల కషాయం తాగితే నిద్ర పడుతుందంటున్నారు, నిజమేనా?
– ఓ పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: పారేయకండి. బూజు, పులిసిన వాసన లేకపోతే ఆ ముడతలు బాగా పండిందనడానికి గుర్తు. అప్పుడే పులుపు తగ్గి తీపి పెరుగుతుంది. అడ్డంగా కోస్తే పసుపు రంగు గుజ్జులో నల్లటి గింజలు కనిపిస్తాయి. చెంచాతో తీసుకుని గింజలతో సహా తినేయండి. కరకరలాడే ఆ గింజల్లో పీచు పుష్కలం.

ఈ తీగ పుట్టిల్లు దక్షిణ బ్రెజిల్, పరాగ్వే, ఉత్తర అర్జెంటీనా. మన దేశంలో నీలగిరి, కొడగు, వయనాడ్‌లతో పాటు మణిపూర్, నాగాలాండ్‌లలోనూ పండిస్తారు. ఊదా రకానికి సువాసన, తీపి ఎక్కువ. పసుపు రకం కాయ పెద్దది, పులుపు ఎక్కువ.

షర్బత్‌కైతే గుజ్జును మిక్సీలో ఒక్కసారి తిప్పి ఆపేయండి. గింజలు నలిగితే రుచి చెడుతుంది. వడగట్టి చల్లటి నీళ్లు, పంచదార, చిటికెడు ఉప్పు కలపండి.

100 గ్రాముల గుజ్జులో సుమారు 10 గ్రాముల పీచు, 30 మిల్లీగ్రాముల విటమిన్ సి ఉంటాయి. మలబద్ధకం ఉన్నవారికి మంచిది. మధుమేహులు పంచదార కలిపిన రసం కాకుండా పండే కొద్దిగా తినాలి.

కషాయం మాత్రం వద్దు. ఆందోళనకు, నిద్రలేమికి సంప్రదాయంగా వాడేది ఉత్తర అమెరికాకు చెందిన పాసిఫ్లోరా ఇన్‌కార్నేటా అనే వేరే జాతి. మీరు తెచ్చుకున్న పండు తీగ ఆకుల్లో, పచ్చికాయల్లో సైనైడ్‌ను విడుదల చేసే పదార్థాలుంటాయి. నిద్ర పట్టకపోతే డాక్టర్‌ను కలవండి.