విధవరాలి నూనె, మన ఇంటి ఖర్చు



బియ్యము, పప్పు, నూనె ధరలు పెరుగుచున్నవి. కూలి అంత త్వరగా పెరుగుట లేదు. సూళ్లూరుపేట అంగడివీధినుండి సగము సంచితో తిరిగివచ్చు తల్లులను చూచుచున్నాము. మేమును ఒక యేడు అంగడిలో అప్పు వ్రాయించి, ఆ లెక్క చూచుటకు భయపడితిమి.

2 రాజులు 4వ అధ్యాయములోని విధవరాలిని తలంచుడి. అప్పులవాడు ఆమె బిడ్డలనే పట్టుకొనిపోవ జూచెను. ఎలీషా మొదట ఆమె యింట ఉన్నదేమో అడిగెను. నూనె సమృద్ధియైన పిమ్మట, దానిని అమ్మి అప్పు తీర్చి, మిగిలినదానితో బ్రదుకుమనెను. ఈ క్రమము గమనించుడి: ఉన్నది లెక్కించుట, అప్పు తీర్చుట, ఆ తరువాతనే ఖర్చు.

నాటి మన నెల్లూరు జిల్లాలో 1992లో దూబగుంట స్త్రీలు సారా అంగడిని మూయించిరి. అటుపిమ్మట జిల్లాలోని స్త్రీలు దినమునకు ఒక్క రూపాయి చొప్పున కూడబెట్టి పొదుపులక్ష్మి సంఘములు కట్టుకొనిరి. ఇంటిని తినివేయు ఖర్చును మాన్పినగాని పొదుపు నిలువదు.

కాబట్టి ఈ శనివారము రాత్రి భార్యాభర్తలు కలిసి కూర్చుండి నెల ఖర్చు వ్రాయుడి. త్రాగుడు, పొగాకు, అప్పుచేసి జరుపు పెండ్లి ఆడంబరము మొదట కొట్టివేయుడి. బిడ్డల పాలు, బడి పుస్తకములు ముట్టకుడి. తల్లి కడుపు మాడ్చుకొని దాచినది పొదుపు కాదు.

ప్రభువు మన లెక్కలను దీవించును గాక. ఆమేన్.